రెండు బారల గోడ

"జీతం లేని పనికి విమానమెక్కి పోవాలటే, ఇంట్లో నీకు తక్కువైందా?" అంది నానమ్మ.

చిట్టి అప్పుడు చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. నానమ్మ వేళాకోళానికే అంది. ఆవిడ ఏదన్నా వేళాకోళంగానే అంటుంది, నిజమైతే మరీను. అందరూ నవ్వారు. నాన్న పేపరు వెనక నుంచి నవ్వాడు. అన్నయ్య కంప్యూటరు ముందు నుంచి నవ్వాడు. వదిన ఐదు నెలల పిల్లాణ్ణి భుజాన వేసుకుని నవ్వింది. అమ్మ వంటింట్లో ఉంది. నవ్విందో లేదో ఎవరూ చూడలేదు.

ఇంతకీ అక్కడేం పనిట, అని అడిగింది నానమ్మ. రాతిగోడలు కట్టడం అని చెప్పింది చిట్టి.

"బియ్యంలో రాళ్ళు తీసే పిల్లని తీసుకుపోయి గోడలో రాళ్ళు పెట్టమంటారా. దీనికి తియ్యడమే వచ్చు, పెట్టడం రాదని ఎవరన్నా చెప్పండ్రా వాళ్ళకి."

మళ్ళీ నవ్వారు. ఈసారి చిట్టి కూడా నవ్వింది.

చదువు అయిపోయి రెండేళ్ళయింది. ఉద్యోగం పరీక్షలు రాస్తోంది. రాసిన వాటి కబురు రావాలి, రాయాల్సిన వాటి తేదీ రావాలి. ఈలోగా ఇంట్లో ఆమెకి ఒక పేరు స్థిరపడింది, ఖాళీ మనిషి అని. ఖాళీగానే ఉన్నావుగా, ఈ చొక్కా ఇస్త్రీ చెయ్యి అంటాడు అన్నయ్య. ఖాళీగానే ఉన్నావుగా, గ్యాసు బండ వచ్చేదాకా గుమ్మంలో చూస్తూ ఉండు అంటాడు నాన్న. ఖాళీగానే ఉన్నావుగా, వీణ్ణి కాసేపు ఎత్తుకో అంటుంది వదిన, ఆ కాసేపు సాయంత్రం దాకా సాగుతుంది. అన్నయ్య ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తాడు. రోజంతా ఇంట్లోనే ఉంటాడు గానీ అతను ఖాళీ మనిషి కాడు. పొద్దున ఐదింటికి లేచి నడుం వాల్చకుండా తిరిగే మనిషినే ఖాళీ మనిషి అంటారని చిట్టికి ఇరవై మూడో ఏట తెలిసింది.

కాలేజీలో చదువు చెప్పిన మేడం ఒక కాగితం పంపింది. వేరే దేశంలో ఒక కొండవాలు. మెట్లు మెట్లుగా పొలాలు. వాటికి అడ్డుగా ఉన్న పాత రాతిగోడలు పోయినేడు వానలకి కూలిపోయాయి. మళ్ళీ కట్టాలి. తిండి, పడక, రానుపోను ప్రయాణం వాళ్ళదే. జీతం లేదు. ఇష్టమున్నవాళ్ళు రావచ్చు. చిట్టి ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. పని అన్న మాట పక్కన ఇష్టం అన్న మాట రాసి ఉండగా ఆమె చూడటం అదే మొదటిసారి.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది, మీకు ఏయే పనులు వచ్చు అని. రాయడానికి నాలుగు గీతలు ఇచ్చారు. చాలాసేపు ఆలోచించి, మొదటి గీత మీద 'ఏమీ రావు' అని రాసింది. ఎంతకాలం ఉండగలరు అన్నచోట ఆరు నెలలు అని రాసింది. ఇంట్లో మాత్రం నెల అని చెప్పింది. అది పూర్తి అబద్ధం కాదు. మొదటి నెల పని నేర్చుకోవడానికి. ఎవరి వాటా గోడ వాళ్ళు నెలాఖరుకి నడుమెత్తు నిలబెడితే మిగిలిన ఐదు నెలలూ ఉంచుకుంటారు. నిలబెట్టలేనివాళ్ళకి మంచిమాట చెప్పి పంపేస్తారు. ఈ సంగతి చిట్టి ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో వదినకిచ్చిన ప్రసవం సెలవు నెలాఖరుకి అయిపోతుంది. ఈలోగా చిట్టి వెళ్ళి వచ్చేస్తే పిల్లాడి దగ్గర మనిషి ఉంటుంది. పోనీలే, సర్టిఫికెట్టు ఇస్తారట, రేపెప్పుడన్నా పనికొస్తుంది అన్నాడు నాన్న. అలా అందరికీ కుదిరింది గనకే పంపారు.

*

కొండ కింద పొడుగాటి రేకుల షెడ్డు. ఎనిమిది మంచాలు, ఒక వంటగది, బయట సిమెంటు గట్టు మీద వరసగా కొళాయిలు. వచ్చినవాళ్ళు ఎనిమిది మంది. చిట్టి పక్క మంచం ఒక నర్సుది. ఉద్యోగం అయిపోయిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. అవతల ఒక బస్సు డ్రైవరు, ఆయనా రిటైరైనవాడే, ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి నవ్విస్తాడు. సెలవు పెట్టి వచ్చిన బ్యాంకు గుమాస్తా ఒకడు. వెదురు బద్దలా ఉంటాడు, మొహమంతా కళ్ళజోడే. చిట్టి మనసులో అతనికి కళ్ళజోడు అనే పేరు పెట్టుకుంది.

పని నేర్పేది ఒక ఆడమనిషి. చిట్టి అంతకుముందు ఆడ మేస్త్రీని చూడలేదు. అరవై దాటి ఉంటాయి. మనిషి పొట్టి. చేతులు మాత్రం ఎవరో పొడుగు మనిషివి తెచ్చి అతికించినట్టు ఉంటాయి. మాట తక్కువ. ఇద్దరికీ ఇంగ్లీషు అరకొరే. అయినా మేస్త్రమ్మ మాట చిట్టి చెవికి సొంత పెద్దమ్మ మాటలాగే వినపడేది.

మొదటిరోజు మేస్త్రమ్మ అందరినీ వరసగా నిలబెట్టి చేతులు చాచమంది. ఎవరి చేతులతో వాళ్ళకి రెండు బారలు కొలిచి, అటొక మేకూ ఇటొక మేకూ దిగ్గొట్టి దారం కట్టింది. ఎవరి బారతో వాళ్ళకే. డ్రైవరు వాటా పొడుగు, చిట్టి వాటా పొట్టి. ఎత్తు కూడా ఎవరి నడుముకి వాళ్ళదే. మధ్యలో రాళ్ళ గుట్ట. సిమెంటు లేదు, తడిమట్టి లేదు. రాయి బరువే రాయిని పట్టుకోవాలి. ఒక రాయి కింది రెండింటి మీద కూర్చోవాలి, సందు మీద సందు రాకూడదు. ఇంకొక్క మాట చెప్పింది. ఎత్తిన రాయిని మళ్ళీ కింద పెట్టకూడదు. ముందు చూడాలి, తర్వాత ఎత్తాలి. ఎత్తాక దానికి చోటు దొరికేదాకా మొయ్యాలి.

ఆ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు ఈ మాట నానమ్మకి చెప్పింది. "బాగానే ఉంది, మీ నాన్నకి చెప్పు, ఎత్తిన గ్లాసు ఎక్కడ పెడతాడో వాడికే తెలీదు" అంది నానమ్మ. అమ్మ ఫోను తీసుకుని తిన్నావా అని అడిగింది. తిన్నానంది చిట్టి. సరే అని ఇచ్చేసింది.

*

అసలు తప్పు మొదటి రోజే జరిగింది. అది తప్పని ఎవరికీ తెలియలేదు.

నర్సు వంగలేక అవస్థ పడుతోంది. ఆమె గోడలో ఒక సందు, ఇటు వెడల్పు అటు సన్నం. చిట్టికి గుట్టలో చూసిన మూడో రాయో నాలుగో రాయో కనపడింది, అచ్చంగా అలాంటిదే. తీసి చేతికిచ్చింది. పెట్టగానే ఎవరో కొలిచి చెక్కినట్టు కూర్చుంది. నర్సు థాంక్యూ అంది. అటుపక్క డ్రైవరు అది చూసి, అమ్మాయ్, నాకూ ఒకటి చూసిపెట్టు అన్నాడు. వారం తిరిగేసరికి ఎనిమిది మందిలో ఏడుగురికి రాయి చిట్టి చేతిలోంచే వెళుతోంది.

ఆమెకి ఆ చూపు ఎక్కడిదంటే ఇంట్లోదే. ఏ గిన్నెకి ఏ మూతో చూడకుండా తీయగలదు. నాన్న గుమ్మంలో దగ్గిన తీరుని బట్టి మంచినీళ్ళా తువ్వాలా అన్నది తెలుస్తుంది. అన్నయ్య వెనక్కి చూడకుండా చెయ్యి చాస్తాడు. వేళ్ళు విప్పి చాస్తే దువ్వెన, గుప్పెడు మూసి చాస్తే బండి తాళం. ఆ చేతిలో పెట్టే వస్తువు ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఆ చెయ్యి చాచినవాడు ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. ఇక్కడ అదే పనికి ప్రతిసారీ థాంక్యూ అంటున్నారు. మొదటి రోజు ఆ మాటకి చిట్టికి చెవులు వేడెక్కాయి. రెండో రోజు మళ్ళీ అంటారా అని ఎదురు చూసింది. మూడో రోజుకి ఆ మాట కోసమే పరిగెత్తింది. సాయంత్రం మంచం మీద కూర్చుని రెక్కలు నొప్పి పుడుతుంటే, ఇంత సంతోషం నొప్పిలోంచి కూడా వస్తుందా అనుకుని తనలో తనే నవ్వుకుంది. దేశంకాని దేశంలో తను లేకపోతే జరగదంటున్నారు. ఇంట్లోనూ జరగదు, కానీ ఎవరూ అనరు.

మధ్యలో ఇంటి నుంచి ఫోన్లు. నాన్న గోళ్ళ కత్తెర ఎక్కడుంది. కిటికీ పక్క మేకుకి. నానమ్మ నొప్పుల నూనె ఎక్కడుంది. మంచం కింద, చెప్పుల పెట్టె వెనక. అన్నయ్య నీలం ఫైలు ఎక్కడుంది. బీరువా రెండో అరలో, దుప్పట్ల కింద. చేతిలో రాయితో, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని చెప్పేది. విమానమెక్కి ఇంత దూరం వచ్చినా ఆ ఇంటి బీరువా ఆమె నోట్లోనే ఉంది.

రెండో వారం చివర, శుక్రవారం, మేస్త్రమ్మ కొలతకర్ర పట్టుకుని వచ్చింది. నర్సు గోడ మోకాలెత్తు. డ్రైవరుది మోకాలి పైన జానెడు. కళ్ళజోడుది ఇంకో బెత్తెడు ఎక్కువ, అతను వినయంగా తల వంచుకున్నాడు. తర్వాత రెండు మేకుల మధ్య పునాది రాళ్ళు ఒక్క వరస పేర్చి ఉన్న చోట ఆగింది.

"ఇదెవరిది?"

"నాదేనండీ."

"దీనికేమైంది? భయపడి కూర్చుండిపోయిందా?"

పక్కవాళ్ళే మాట్లాడారు. ఈ పిల్ల లేకపోతే మా గోడలు లేవన్నాడు డ్రైవరు. నా మోకాళ్ళు ఈ పిల్ల వల్లే బతికాయంది నర్సు. అందరూ ప్రేమగా చెప్పారు. మేస్త్రమ్మ వినేసి, వెనక్కి నడిచి, నర్సు గోడ మీద ఒక రాయి తట్టి, ఇది నువ్విచ్చిందా అని అడిగింది. అవునంది చిట్టి. ఇది? అదీ నేనే. డ్రైవరు గోడలో ఇది? అదీ. అలా ఏడు గోడలూ తిరిగింది. మూడు రాళ్ళకి రెండు చిట్టి ఎంచినవే. ఏది ఏ రోజు ఇచ్చిందో కూడా చిట్టికి గుర్తుంది.

"నువ్వు కట్టావు, కట్టకేం" అంది మేస్త్రమ్మ. "ఊరందరి గోడల్లో కట్టావు. ఫారంలో నీకు పని రాదని రాశావు, గుర్తుందా?"

"రాదండీ. నిజంగానే."

"సందు చూసి రాయి చెప్పడం నాకు పట్టుబడటానికి నాలుగేళ్ళు పట్టింది. నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. ఇంట్లో అందిస్తూ ఉంటాను."

"ఏం అందిస్తావు?"

చిట్టి ఆలోచించింది. చెప్పడానికి ఒక వస్తువని లేదు.

"అన్నీ" అంది.

మేస్త్రమ్మ కర్ర కింద ఆనించి కొంతసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత అందరితో అంది, రేపట్నుంచి ఈ పిల్ల చేతిలోంచి ఎవరూ రాయి తీసుకోకూడదు. మోకాళ్ళు నొప్పైన మనిషి మాత్రం అడగొచ్చు. అది కూడా మొహం చూసి, నోరు తెరిచి అడగాలి. అడిగినందుకు బదులు పని చేసిపెట్టాలి.

*

ఆ సాయంత్రం కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ చిట్టి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. రెండు వారాలు పోయాయి, రెండే ఉన్నాయి, ఒక వరస నుంచి నడుము దాకా లేపాలి, అది కాదు ఆమె దిగులు. రేపు ఉత్త చేతులతో వాళ్ళ మధ్యకి ఎలా వెళ్ళడం. ఇవ్వడం మానేస్తే తనని ఎందుకు పలకరిస్తారు. ఇంట్లో కూడా ఎప్పుడన్నా జ్వరం వచ్చి పడుకుంటే, ఒళ్ళు కాలుతున్నందుకు కాదు, అవతల గదిలో ఎవరో దేనికోసమో వెతుక్కుంటున్న చప్పుడుకి భయమేసేది. వెతకగా వెతకగా వాళ్ళకే దొరికేస్తే? తను లేకుండానే దొరుకుతుందని తెలిసిపోతే? ఆ భయానికి జ్వరంతోనే లేచి వెళ్ళి తీసిచ్చేది. అమ్మ కూడా అంతే. అమ్మ కంచం ముందు కూర్చోవడం చిట్టి చూసింది గానీ, కూర్చుని ఉండటం చూడలేదు. కూర్చుంటుంది, లేస్తుంది. ఉప్పుకి లేస్తుంది, నీళ్ళకి లేస్తుంది, ఎవరూ ఏమీ అడగకపోతే అడుగుతారేమోనని లేస్తుంది. అమ్మకి కూడా ఈ భయమే ఉందా? అమ్మకి ఎవరు నేర్పారు? అమ్మని ఈ మాట ఎప్పుడూ అడగలేదు. ఇద్దరూ ఒకేసారి కూర్చుంటే కదా అడగడానికి. నీళ్ళు పాదాల మీంచి కారిపోతూనే ఉన్నాయి. నర్సు వచ్చి కొళాయి కట్టేసి, పాదాలు అరిగిపోతాయే పిల్లా, పద తిందాం అంది. తను ఏమీ ఇవ్వకుండానే చిట్టిని ఒకరు అన్నానికి పిలవడం ఆ పూటే మొదలు. ఆ సంగతి ఆమెకి రెండు ముద్దలు తిన్నాక తట్టింది.

శనివారం పొద్దున గుట్ట దగ్గర నిలబడి, తన గోడలో సందు చూసుకుని, గుట్టలోంచి ఒక రాయి ఎత్తింది. ఒక అంచు వాలుగా, ఇంకో అంచు చదునుగా ఉన్న రాయి. సరిగ్గా అప్పుడే కళ్ళజోడు గోడ వైపు మొహం పెట్టుకుని, వెనక్కి చూడకుండా, చెయ్యి చాచాడు.

వేళ్ళు విప్పి ఉన్నాయి. ఆ చెయ్యి అన్నయ్యది కావచ్చు, నాన్నది కావచ్చు. అతని గోడలో సందు చిట్టికి ఇక్కడ్నుంచే కనపడుతోంది. ఆమె చేతిలో రాయి ఆ సందుకీ సరిపోతుంది. అడుగు దానంతటదే అటు పడింది. రెండో అడుగు పడలేదు. ఎత్తిన రాయి దించకూడదు. చేతులు లాగేస్తున్నాయి. ఆ చెయ్యి ఇంకా చాచే ఉంది. చిట్టి వెనక్కి తిరిగి, తన గోడ దగ్గరికి వెళ్ళి, వంగి, రాయిని తన సందులో పెట్టింది. కిర్రుమని కదిలి కూర్చుంది. అరచేత్తో నొక్కి చూసింది. కదల్లేదు.

కళ్ళజోడు ఖాళీ చెయ్యి చూసుకుని, వెనక్కి తిరిగి, ఆమెని చూశాడు. మొహం ఎర్రబడింది. సారీ అన్నాడు. తనే గుట్ట దగ్గరికి వెళ్ళి ఒక రాయి ఎత్తాడు, సరిపోలేదు. ఇంకోటి ఎత్తాడు, సరిపోలేదు. మూడోదీ అంతే. ఎత్తినవి దించకూడదు కదా, రెండు చంకల్లో రెండు, పొట్టకి ఆనించుకుని ఒకటి, ముగ్గురు పిల్లల తల్లిలా గోడ చుట్టూ తిరగడం మొదలెట్టాడు. డ్రైవరు నవ్వలేక కింద కూర్చున్నాడు. మేస్త్రమ్మ అటు తిరిగి నిలబడింది, కానీ భుజాలు ఊగుతున్నాయి. మధ్యాన్నం నర్సు వచ్చి, మొహంలోకి చూసి, ఆ పలకరాయి ఇస్తావా, నీ గోడ వెనక చిన్నరాళ్ళు నింపిపెడతాను అని అడిగింది. ఇచ్చింది. అది ఇవ్వడంలో ఉన్న హాయి వేరుగా ఉంది.

*

ఇంక చిట్టికి పట్టపగ్గాల్లేవు. మూడో వారం బుధవారానికి గోడ మోకాలు దాటింది. ముందు వైపు చూస్తే అద్దంలా ఉంది, ఒక్క సందు కనపడదు. మేస్త్రమ్మ వచ్చి, చూసి, బాగుంది అనకుండా, కింది నుంచి నాలుగో వరసలో ఒక రాయి పట్టుకుని ఇలా లాగింది. రెండు మూరల గోడ గలగలమని ఒళ్ళో పడ్డట్టు పడింది. వెనక అంతా డొల్ల.

"ఎవరి కోసం కట్టావు, వచ్చిపోయేవాళ్ళు చూడటానికా?" అంది మేస్త్రమ్మ. "గోడ వాళ్ళకి కాదు. వెనకున్న మట్టికి. అది తోస్తుంది, వాన పడితే ఇంకా తోస్తుంది. ముందు వెనక నింపు."

ఇంట్లో అయితే చుట్టాలొచ్చే ముందు హాలు సర్దేది చిట్టే. విప్పిన బట్టలు, విరిగిన బొమ్మలు, అన్నీ వెనక గదిలోకి తోసి తలుపు వేసేది. హాలు అద్దంలా ఉండేది. పిల్ల ఎంత పనిమంతురాలో అనేవాళ్ళు చుట్టాలు. అదే ఇక్కడా చేసింది. ఇంట్లో గ్లాసు పగిలితే చాలు, అందరి కంటే ముందు తను హడిలిపోతుంది, ఎవరు పగలగొట్టినా సరే. ఇక్కడ రెండు మూరల గోడ కూలింది, ఎవరూ గొంతు పెంచలేదు. డ్రైవరు తన గోడ మీంచి తొంగి చూసి, నాది మూడుసార్లు పడింది, నీకింకా రెండు బాకీ అన్నాడు. చిట్టికి లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. కూలిన రాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తను కట్టింది పడింది. తనదే పడింది. మళ్ళీ తనే కడుతుంది. ఒక వస్తువు మీద అంత హక్కు ఆమెకి ఎప్పుడూ లేదు.

ఈసారి వెనక నింపుకుంటూ లేపింది. గుప్పెడు గుప్పెడు చిన్నరాళ్ళు, ఎవరికీ కనపడనివి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి, పిడికిలితో గుద్ది. ఫోను మోగితే, పని మీదున్నాను సాయంత్రం చేస్తాను అని చెప్పడం నేర్చుకుంది. మొదటిసారి అలా చెప్పి పెట్టేశాక రెండుసార్లు ఫోను వైపు చూసుకుంది. ఇల్లేమీ కూలిపోలేదు. సాయంత్రం చేస్తే, ఆ ఎందుకు చేశానబ్బా, ఆఁ, దొరికిందిలే అన్నాడు నాన్న.

నాలుగో వారం శనివారం పై వరస పెట్టింది. మేస్త్రమ్మ వచ్చి, గోడ మీద కాలు పెట్టి ఎక్కి నిలబడి, అటు నుంచి ఇటు నడిచింది, ఇటు నుంచి అటు నడిచింది. దిగి, జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చింది. ఉండదల్చుకున్నవాళ్ళకి మళ్ళీ అదే ఫారం. అదే ప్రశ్న, అవే నాలుగు గీతలు. చిట్టి షెడ్డు మెట్ల మీద కూర్చుని రాసింది. నాలుగు గీతలూ నిండిపోతే కాగితం వెనక్కి తిప్పి రాసింది. రాసి, సంతకం పెట్టి, ఇచ్చేసింది. ఇచ్చాక గుర్తొచ్చింది, ఇంట్లో చెప్పాలి.

*

ఆదివారం మధ్యాన్నం ఫోను చేసింది. ఇంటి దగ్గర అప్పటికే సాయంత్రం, అందరూ హాల్లో ఉన్నారు. ఫోను టేబుల్ మీద పెట్టి అందరికీ వినపడేలా చేశారు. ఎన్నింటికి దిగుతావు, బండి తేవాలా అని అడుగుతున్నాడు నాన్న.

చిట్టి నిలబడే చెప్పింది. "నేను రావట్లేదు నాన్నా. నా గోడ నిలబడింది, ఉంచుకున్నారు. ఇంకో ఐదు నెలలు ఇక్కడే ఉంటాను. ఆరు నెలలని ముందే రాశాను, మీకు చెప్పలేదు. చెప్పకపోవడం తప్పే. ఉండటం తప్పు కాదు."

మరి ఇంట్లో ఎలా అన్నాడు నాన్న, కోపంగా కాదు, దారి తప్పినవాడిలా. తర్వాత వదిన గొంతు.

"నువ్వున్నావన్న ధైర్యంతో చేరతానని ఆఫీసులో చెప్పేశాను చిట్టీ."

ఈ ఒక్క మాటకే చిట్టి నిన్నటి నుంచి భయపడుతోంది. వదిన మీద ఆమెకి కోపం లేదు. ఉద్యోగం వదినకి ఎంత ఇష్టమో తెలుసు. ఆఫీసు బ్యాగు మంచం పక్కన పెట్టుకుని పడుకుంటుంది. వదిన ఒక చెయ్యి కోసం వెతుకుతోంది, అందుబాటులో ఉన్న చెయ్యి చిట్టిది, అంతే. ఇప్పుడు సరే వస్తానంటే అందరూ తేలిగ్గా ఊపిరి తీసుకుంటారు, తను తప్ప. నోటి దాకా వచ్చింది కూడా. ఆ క్షణంలో వెనక నుంచి అన్నయ్య గొంతు వినపడింది, మామూలుగా, కంప్యూటరు మీంచి మొహం తిప్పని గొంతు. చిట్టిని అడుగు, నా చార్జరు ఎక్కడ పెట్టిందో.

చిట్టికి ఆ గది మొత్తం కళ్ళకు కట్టింది.

"వదినా, అన్నయ్య ఇప్పుడు చెయ్యి చాచి ఉన్నాడా?"

"ఉన్నాడు. నీకెలా తెలుసు?"

"ఇటు చూడకుండా."

"ఊఁ. ఇటు చూడకుండానే."

"పిల్లాడు నీ దగ్గరే ఉన్నాడా?"

"ఒళ్ళో ఉన్నాడు."

"ఆ చేతిలో పెట్టు వదినా."

ఫ్యాను చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. ఏయ్, ఇదేంటి, నాకు పనుంది అని అన్నయ్య. పిల్లాడు ఒకసారి కెవ్వుమని, అంతలోనే దేన్నో పట్టుకున్నట్టుంది, కిలకిలమన్నాడు. వాడు నా కళ్ళజోడు పీకుతున్నాడు, తీసుకో, తీసుకో అంటున్నాడు అన్నయ్య. వదిన మాట వినపడలేదు. నవ్వాపుకుంటున్న ఊపిరి మాత్రం వినపడింది. ఆ మీదట నానమ్మ.

"పట్టుకోరా, ఏం కాదు. ఎత్తినవాటిని కింద పెట్టకూడదట. నీ చెల్లెలు కట్టే గోడ దగ్గర అదే పద్ధతట. చోటు దొరికేదాకా మొయ్యి."

హాల్లో నవ్వులు. ఈసారి నవ్వింది ఎవరిని చూసో చిట్టికి బాగా తెలిసింది. ఇదంతా ఒక్క సాయంత్రంతో తేలే సంగతి కాదని కూడా తెలుసు. రేపు మళ్ళీ ఫోను వస్తుంది. నాన్న అలుగుతాడు. వదినా అన్నయ్యా రెండురోజులు మాట్లాడుకోరు, తర్వాత మాట్లాడుకుంటారు. అయినా సరే వస్తానన్న మాట మళ్ళీ నోటి దాకా రాలేదు.

ఎవరో ఫోనుని టేబుల్ మీంచి తీశారు. నవ్వులు దూరమయ్యాయి. తలుపు చప్పుడు, వంటింటి కొళాయి బొట్టు పడుతున్న చప్పుడు. అమ్మ.

"తిన్నావా?"

"తిన్నానమ్మా."

అమ్మ సరే అనలేదు.

"ఎంత ఎత్తొచ్చింది?" అంది.

"ఏది?"

"నీ గోడ."

నెల రోజుల్లో ఆ మాట ఇంట్లో ఎవరూ అడగలేదు.

"నా నడుం దాకా వచ్చిందమ్మా. పొడుగు నా చేతులతో రెండు బారలు. పైన మేస్త్రమ్మ నడిచింది. కదల్లేదు."

"పైన చదునుగా ఉంటుందా?"

"ఉంటుంది."

"మనిషి కూర్చోవచ్చా?"

"కూర్చోవచ్చు."

"అయితే కూర్చో" అంది అమ్మ. "ఫోను పెట్టకు. నేనూ ఇక్కడ కూర్చుంటున్నాను."

వంటింట్లో పీట వాల్చిన చప్పుడు వినపడింది. హాల్లోంచి నాన్న పిలుస్తున్నాడు, ఏమేవ్, మంచినీళ్ళు. పీట కదల్లేదు.

చిట్టి తన గోడ ఎక్కి, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది.